కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు టిఫిన్ తిని, కాఫీ తాగి, లేచేటప్పుడు "ఇంటికెళ్లి ఏ విషయమూ కబురు చేస్తాం" అనేవాళ్లు. కబురు రాకపోతే దాని అర్థం ఏమిటో అమ్మాయి తండ్రికి నాలుగో రోజుకే తెలిసిపోయేది. అయినా వారం పది రోజుల్లో మధ్యవర్తి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే నసిగేవాడు, జాతకాలు కుదరలేదటనో, వాళ్లు దగ్గరి సంబంధమే చూసుకుంటున్నారటనో. అది అబద్ధమే కావచ్చు. కానీ ఒక మాటంటూ వచ్చేది, ఆ ఇంట్లోవాళ్లు ఇంకో సంబంధం వెతుక్కునేవాళ్లు.

ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఆ నసుగుడు కూడా లేకుండా పోయింది. టెక్నికల్, మేనేజర్, హెచ్‌ఆర్ అని మూడు రౌండ్లు చేస్తారు, జీతం ఎంత కావాలంటారు, ఎప్పుడు జాయిన్ అవుతావంటారు, ఆధార్, పాన్, మూడు నెలల పేస్లిప్పులు తెప్పించుకుంటారు, "వి విల్ గెట్ బ్యాక్ టు యూ" అంటారు. ఆ తర్వాత మెయిల్ ఉండదు, ఫోన్ ఎత్తరు, వాట్సాప్‌లో బ్లూ టిక్‌లు పడతాయి, అంతే. దీన్ని అందరూ మామూలే అనుకోవడం మొదలుపెట్టారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మా అక్క కొడుకు 2024లో బీటెక్ పూర్తి చేశాడు. క్యాంపస్‌లోనే ఒక కంపెనీ తీసుకుంది, ఆఫర్ లెటర్ ఇచ్చింది, జాయినింగ్ డేట్ తర్వాత చెబుతామంది. నరసరావుపేటలో మా అక్క వీధంతా స్వీట్లు పంచింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు వాడు ఆ లెటర్ పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో మూడు మెయిళ్లు వచ్చాయి, మూడింట్లోనూ ఒకటే మాట, బిజినెస్ అవసరాలను బట్టి తెలియజేస్తాం అని. వేరే చోట చేరదామంటే చేరిన మర్నాడే ఇక్కడ డేట్ వస్తుందేమోనని భయం. పోనీ గట్టిగా ప్రయత్నిద్దామంటే సర్టిఫికెట్లు కాలేజీలో ఉన్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని వాళ్లు ఇవ్వరు. (మన రెండు రాష్ట్రాల్లో ఈ బాధ పడని ఇల్లు తక్కువ, అది వేరే కథ.) "మావయ్యా, రాదని చెప్పేస్తే నేను వేరే పని చూసుకుంటాను కదా" అన్నాడు ఒక రోజు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే బల్లకు అవతలి వైపు కుర్చీలో నేనూ కూర్చున్నాను.

ఆరేళ్లు బేగంపేటలో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేశాను. ఈ పనిలో డబ్బు ఎలా వస్తుందో చెబితే మిగతాది దానంతటదే అర్థమవుతుంది. చాలా కన్సల్టెన్సీలకు లాగే మాకు వచ్చే ఫీజు ఏడాది ప్యాకేజీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అది కూడా మనిషి చేరి తొంభై రోజులు నిలబడితేనే ఖాయం, ఈలోగా మానేస్తే ఇంకొకరిని ఉచితంగా ఇవ్వాలి. రోజూ సాయంత్రం నింపే ఎక్సెల్ షీటులో ఇవాళ ఎన్ని ప్రొఫైల్స్ పంపావు, ఎన్ని ఇంటర్వ్యూలు లైనప్ చేశావు, ఎంతమంది జాయిన్ అయ్యారు అని గళ్లు ఉండేవి. సెలెక్ట్ కానివాళ్లలో ఎంతమందికి ఆ సంగతి చెప్పావు అనే గడి లేదు. లేని గడిని ఎవరూ నింపరు, నేనూ నింపలేదు. ఒంగోలు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి ఇంటర్వ్యూ ఇచ్చి వెళ్లిన మనిషి పదిసార్లు ఫోన్ చేస్తే ఎత్తకుండా తప్పించుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, క్లయింట్ నాకూ చెప్పలేదు. అయినా ఎత్తి ఆ మాటే చెప్పి ఉండాల్సింది.

క్లయింట్ ఎందుకు చెప్పడు? మొదటి మనిషి నిజంగా చేరతాడో లేదో తేలేదాకా రెండో మనిషినీ మూడో మనిషినీ వదులుకోడు. దాన్ని హోల్డ్‌లో పెట్టడం అంటారు. హోల్డ్‌లో ఉన్న విషయం హోల్డ్‌లో ఉన్నవాడికి మాత్రం తెలియదు. కొన్నిసార్లు బడ్జెట్ వెనక్కి పోయి పోస్టే ఆగిపోతుంది, ఆగిపోయిందని చెబితే కంపెనీ పరిస్థితి బాగాలేదన్న మాట బయటికి పొక్కుతుందని భయం. ఇంకొన్నిసార్లు అసలు పోస్టే ఉండదు. ఒక ప్రాజెక్టుకు పోటీ పడుతున్న సర్వీస్ కంపెనీ మా దగ్గర ఇంతమంది సిద్ధంగా ఉన్నారని చూపించుకోవడానికి రెజ్యూమెలు పోగేస్తుంది, ప్రాజెక్టు వస్తే పిలుస్తుంది, రాకపోతే ఆ ఉద్యోగం పుట్టనే లేదన్నమాట. ఆ పుట్టని ఉద్యోగం కోసం నలుగురు ఆఫీసుకు సెలవు పెట్టి ఇంటర్వ్యూ ఇచ్చి ఉంటారు.

ఇది చిన్న కంపెనీల అలవాటేమీ కాదు. 2023 ఫిబ్రవరిలో విప్రో ఏం చేసిందో గుర్తుందా? ఏడాదికి 6.5 లక్షలు ఇస్తామని ఆఫర్ ఇచ్చి, ట్రైనింగ్ కూడా అయిపోయి, చేరే తేదీ కోసం ఎదురుచూస్తున్న ఫ్రెషర్లకు 3.5 లక్షలకు ఒప్పుకుంటారా అని మెయిల్ పెట్టింది. ఇన్ఫోసిస్ 2022లో ఆఫర్లు ఇచ్చిన పిల్లల్లో చాలామందిని చేర్చుకున్నది 2024లో, దాదాపు రెండేళ్ల తర్వాత. అలా చేరినవాళ్లలో కొందరిని మైసూరు క్యాంపస్ నుంచి 2025 ఫిబ్రవరిలో పంపించేసింది, మూడు అవకాశాలు ఇచ్చినా పరీక్ష పాస్ కాలేదని. కంపెనీ మూడు వందల పైచిలుకు అంది, పుణెకు చెందిన నైట్స్ అనే ఉద్యోగుల సంఘం ఏడు వందలంది, కేంద్ర కార్మిక శాఖ కర్ణాటక ప్రభుత్వాన్ని విచారించమంది. పరీక్ష పెట్టడం తప్పని నేను అనను. కానీ రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, నేర్చుకున్నది మరిచిపోయేదాకా నానబెట్టి, ఆ తర్వాత పెట్టే పరీక్షకు ఎవరు బాధ్యులు?

ఇదంతా మనుషులు చేసిన పని. ఇప్పుడు ఇందులోకి యంత్రం వచ్చింది, కొత్త టెన్షన్లు తెచ్చింది.

మీ రెజ్యూమె ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పడుతుంది, అది పేరు, చదువు, అనుభవం, స్కిల్స్ విడదీసి ఉద్యోగ ప్రకటనలోని మాటలతో పోల్చి చూసుకుంటుంది. రెండు కాలమ్స్‌లో అందంగా డిజైన్ చేసిన రెజ్యూమె, టేబుల్స్ పెట్టిన రెజ్యూమె చాలాసార్లు దానికి సరిగా అర్థం కాదు. ఈ సంగతి అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లకు తెలుసు, అందుకే అక్కడ జావా కంటే ముందు రెజ్యూమెలో ఏ మాటలు ఉండాలో నేర్పుతున్నారు. ఇటు పిల్లలు కూడా ఏఐతో రెజ్యూమె రాయించి ఒక్క క్లిక్కుతో రోజుకు యాభై చోట్లకు పంపుతున్నారు. అలా ఒక్కో పోస్టుకు వేలల్లో వచ్చి పడుతున్నాయి, వాటిని ఏరడానికి కంపెనీ ఇంకో ఏఐ పెడుతుంది. రాసేదీ యంత్రమే, చదివేదీ యంత్రమే, మధ్యలో ఉద్యోగం మాత్రం మనిషికి కావాలి.

ఇక వీడియో ఇంటర్వ్యూ. అవతల మనిషి ఉండడు, తెర మీద ప్రశ్న కనిపిస్తుంది, తొంభై సెకన్లలో జవాబు రికార్డ్ చేయాలి, చూపు పక్కకు తిరిగితే వార్నింగ్ వస్తుంది. ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఒక గదిలో నలుగురుంటారు, కింద వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది, వైఫై ఆగి ఆగి వస్తుంది, అందుకని మేడ మెట్ల మీద కూర్చుని ఫోన్ నెట్‌తో ఇంటర్వ్యూ ఇచ్చిన అమ్మాయి నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మనిషి ఎదురుగా ఉంటే ఆ అమ్మాయి తడుముకున్నప్పుడు తల ఊపేవాడు, ఫర్వాలేదు చెప్పమ్మా అనేవాడు, ప్రశ్న ఇంకోలా అడిగేవాడు. తెర తల ఊపదు. ఆ ఇంటర్వ్యూ ఏమైందో ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలియదు.

ఈ యంత్రాలు తప్పు చేయవని నమ్మేవాళ్లకు ఒక పాత సంగతి. అమెజాన్ 2014లో రెజ్యూమెలకు మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ తయారు చేయడం మొదలుపెట్టింది, తమకు అంతకు ముందు పదేళ్లలో వచ్చిన రెజ్యూమెలతో దానికి శిక్షణ ఇచ్చింది. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో అది మహిళల అనే మాట కనిపిస్తే చాలు, ఉదాహరణకు మహిళల చెస్ క్లబ్ కెప్టెన్ అని రాస్తే, మార్కులు తగ్గించడం నేర్చుకుంది. చివరికి ఆ ప్రాజెక్టునే మూసేశారు, 2018లో రాయిటర్స్ ఆ విషయం బయటపెట్టింది. ముఖ కవళికలను బట్టి అభ్యర్థిని అంచనా వేసే పద్ధతిని వదిలేశామని, వీడియో ఇంటర్వ్యూల సాఫ్ట్‌వేర్ అమ్మే హైర్‌వ్యూ అనే కంపెనీ విమర్శల మధ్య 2021లో ప్రకటించింది. పని చేసే చోట మనుషుల భావోద్వేగాలను యంత్రంతో పసిగట్టడాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది, వైద్యం, భద్రత లాంటి అవసరాలకు తప్ప. అమెరికాలో డెరెక్ మాబ్లీ అనే ఆయన వందకు పైగా ఉద్యోగాలకు దరఖాస్తు చేసి అన్నిచోట్లా తిరస్కరణకు గురయ్యాక, ఆ కంపెనీలు వాడే వర్క్‌డే సాఫ్ట్‌వేర్ తన వయసు, జాతి, ఆరోగ్యం చూసి పక్కన పెడుతోందంటూ 2023లో కోర్టుకెక్కాడు. ఒక చోట దరఖాస్తు పెట్టిన గంటలోపే, అర్ధరాత్రి దాటి ఒంటిగంట యాభై నిమిషాలకు, కాదని జవాబు వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. వర్క్‌డే ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.

ఆ ఒంటిగంట యాభై నిమిషాల జవాబును నేను ఇంకో వైపు నుంచి చూస్తాను. అర్ధరాత్రి గంటలోపు జవాబు పంపగలిగే యంత్రాలు ఉన్నాయి కదా, మరి మన దగ్గర మూడు రౌండ్లు చేసిన మనిషికి మూడు నెలలైనా జవాబు ఎందుకు లేదు? జనం ఎక్కువ, ఎవరికని చెబుతాం అని హెచ్‌ఆర్ వాళ్లు అంటే పదిహేనేళ్ల కిందట ఒప్పుకునేవాణ్ణేమో. పదివేల రెజ్యూమెలు చదవగలిగిన సాఫ్ట్‌వేర్‌కు పదివేల మెయిళ్లు పంపడం పనే కాదు, చాలావాటిలో ఆ బటన్ ఇప్పటికే ఉంది. దాన్ని నొక్కమని పైన ఎవరూ చెప్పలేదు, అంతే.

అభ్యర్థుల వైపు తప్పులు లేవా అంటే, ఉన్నాయి, నేనే చూశాను. నాలుగు ఆఫర్లు చేతిలో పెట్టుకుని ఒకదాన్ని చూపించి ఇంకోచోట ప్యాకేజీ పెంచుకుని, జాయినింగ్ రోజు ఉదయం ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్లున్నారు. రాజీనామా చేశాక కూడా పాత కంపెనీలోనే ఉండాల్సిన తొంభై రోజుల నోటీస్ పీరియడ్ దీనికి పెద్ద కారణం, ఆ మూడు నెలల్లో మనిషి ఇంకో నాలుగు ఇంటర్వ్యూలు ఇవ్వకుండా ఎలా ఉంటాడు? లేని అనుభవాన్ని రెజ్యూమెలో పెట్టడం, ఇంటర్వ్యూలో ఒకరు పెదవులు కదుపుతుంటే ఇంకొకరు మాట్లాడటం, ఇవి మన తెలుగువాళ్ల మీద పడిన మచ్చలు. వీటి వల్ల నిజంగా కష్టపడి చదివినవాణ్ణి కూడా అనుమానంగానే చూస్తున్నారు. ఏఐ సాయంతో జవాబులు చెప్పేవాళ్లు పెరిగాక కనీసం ఒక రౌండ్ ముఖాముఖి పెడతామని గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. నాకైతే అది మంచి వార్తే. ఎదురుగా కూర్చున్న మనిషికి ముఖం మీద ఏదో ఒకటి చెప్పక తప్పదు.

కానీ రెండు తప్పులూ సమానం అనే వాదన నేను ఒప్పుకోను. అభ్యర్థి రాకపోతే కంపెనీకి ఒక సీటు ఇంకో నెల ఖాళీగా ఉంటుంది. కంపెనీ చెప్పకపోతే ఒక ఇంట్లో లోన్ ఈఎంఐ ఆగుతుంది, ఇరవై రెండేళ్ల కుర్రాడు చుట్టాల పెళ్లికి వెళ్లడం మానేస్తాడు, ఎక్కడ చేస్తున్నావురా అని అడుగుతారని. రాను రాను తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. అసలు లోపం ఎక్కడుందో ఎవరైనా చెబితే కదా దిద్దుకునేది!

కెనడాలో ఒంటారియో రాష్ట్రం దీనికి ఒక చట్టమే చేసింది. 2026 జనవరి 1 నుంచి పాతికమంది ఉద్యోగులున్నా చాలు, ఆ సంస్థ ఇంటర్వ్యూ చేసిన ప్రతి మనిషికీ ఆ పోస్టుకు ఎంపిక జరిగిందో లేదో 45 రోజుల్లోగా చెప్పాలి, ఎంపికలో ఏఐ వాడుతుంటే ఆ మాట ప్రకటనలోనే రాయాలి. బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న మన పిల్లలకు ఉన్న ఈ హక్కు గచ్చిబౌలిలో వెతుక్కుంటున్నవాళ్లకు లేదు. న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడే సంస్థ ఏటా బయటివాళ్లతో పక్షపాతం ఉందేమో తనిఖీ చేయించాలి, వాడుతున్నట్టు అభ్యర్థికి ముందే చెప్పాలి.

ఢిల్లీలో చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో విశాఖ రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చింది, 12 వేల ఉద్యోగాలు వస్తాయన్న మాట మీద. కాగ్నిజెంట్‌కు కూడా కాపులుప్పాడలో అదే 99 పైసల లెక్కన భూమి ఇచ్చింది, అక్కడ 8 వేల ఉద్యోగాలన్నారు. కంపెనీలు రావాలి, భూమి ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ఎన్ని ఉద్యోగాలు ఇస్తారో ఒప్పందంలో రాయించుకునే ప్రభుత్వం, ఆ ఉద్యోగాలు ఎలా ఇస్తారో కూడా ఇంకో రెండు షరతులుగా రాయించుకోవచ్చు. ఇంటర్వ్యూకు పిలిచిన ప్రతి మనిషికీ 45 రోజుల్లో ఫలితం చెప్పాలి. ఆఫర్ లెటర్ మీద జాయినింగ్ డేట్ ఉండాలి, ఆ తేదీ దాటితే నెలకు ఇంత అని కంపెనీ కట్టాలి. హైదరాబాద్‌లో రాయితీలు తీసుకునే కంపెనీలతో తెలంగాణ ప్రభుత్వమూ ఇదే పని చేయొచ్చు.

మా అక్క కొడుకు సంగతి మధ్యలో వదిలేశాను. ఆ పద్నాలుగు నెలల్లో వాడు విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూడా ఇంటర్వ్యూ ఇచ్చాడు. మర్నాడు సాయంత్రానికి వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం, డేటాబేస్ ప్రశ్నల్లో తడబడ్డారు, అది చూసుకుని ఆరు నెలల తర్వాత మళ్లీ రండి అని, మూడే మూడు వాక్యాలు. ఆ రాత్రి వాడు నాకు ఫోన్ చేసి "మావయ్యా, డేటాబేస్‌కి ఎవరి దగ్గర చేరితే బాగుంటుంది?" అని అడిగాడు.