కాళ్లల్లో కల్తీ

పోయిన సోమవారం సాయంత్రం హైదరాబాద్ కొత్తపేటలో, మా జిమ్‌లో, ఒక చారిత్రక ప్రకటన జరిగింది. మా అమ్మ లెగ్ ప్రెస్ (కూర్చుని కాళ్లతో బరువు తోసే మెషిన్) మీద మూడో సెట్ తోస్తుంటే పక్కన రెండు చివర్లా ప్లేట్లు తగిలించి ఎత్తే రాడ్ దగ్గర నిలబడ్డ పిల్లగాడు చెవిలోంచి ఒక్క ఇయర్‌బడ్ తీసి (రెండూ తీసేంత గౌరవం మెషిన్ వాళ్లకి ఉండదు) "ఆంటీ, మెషిన్ మీద వచ్చేది ఫేక్ స్ట్రెంత్" అన్నాడు.

ఫేక్ స్ట్రెంత్ అంట. నకిలీ విత్తనాలు విన్నాం, అల్లం వెల్లుల్లి పేస్ట్‌లో కల్తీ అయితే మన ఊరికి అలవాటే, కానీ కాళ్లల్లో కల్తీ వినడం ఇదే మొదటిసారి. విషయం సీరియస్ కాబట్టి అధికారులు వెంటనే స్పందించాలి, ఫుడ్ సేఫ్టీ వాళ్లు వచ్చి అమ్మ తొడలోంచి శాంపిల్ తీసి నాచారం ఫుడ్ ల్యాబ్‌కి పంపాలి, రిపోర్ట్ వచ్చేదాకా ఆమె ఆ బలంతో మెట్లెక్కకుండా స్టే ఇవ్వాలి.

పిల్లగాడి వాదనలో పాయింట్ లేదనను. మెషిన్‌లో సీటు వీపుని పట్టుకుంటది, బరువు పట్టాల మీద రైలులాగా పోతది, పక్కకి ఒరిగే భయమే లేదు కాబట్టి బ్యాలెన్స్ చూసుకునే కండరాలకి పని తక్కువ. అరవై ఒకటో ఏట మోకాళ్లు పట్టేసిన మనిషికి మొదట్లో కావాల్సింది సరిగ్గా అదే కదరా నాయనా, పడనని నమ్మకం. పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్లేమో కండ పెరగడంలో మెషిన్‌కీ రాడ్‌కీ పెద్ద తేడా లేదంటున్నారు, బలం మాత్రం దేని మీద ప్రాక్టీస్ చేస్తే దాని మీద ఎక్కువ కనపడుతుందట. అంటే రాడ్ వాడు రాడ్ మీద పులి, మెషిన్ ఆమె మెషిన్ మీద పులి. ఇంతోటిదానికి జిమ్‌లో రెండు మతాలు.

"రియల్ లైఫ్‌లో మెషిన్లు ఉండవు ఆంటీ" అని కూడా అన్నాడు. ఆ రియల్ లైఫ్ గురువారం పొద్దున మా అపార్ట్‌మెంట్‌కే వచ్చింది, ఎందుకంటే ఈ పిల్లగాడు ఉండేది మా మూడో ఫ్లోర్‌లోనే. లిఫ్ట్ బంద్. కింద గ్యాస్ సిలిండర్. లోపల గ్యాస్ 14.2 కేజీలు, ఇనుముతో కలిపి ముప్పై దాకా ఉంటది. మనోడు డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్ లేపుడు, నూరు కేజీలు కొడతాడు, స్టేటస్‌లో మేమందరం చూశాం. కిందికి దిగాడు, సిలిండర్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు, వంగి పట్టుకుని చూసి "గ్రిప్ సరిగ్గా లేదు అంకుల్" అన్నాడు, వార్మప్ కాలేదన్నాడు, బెల్ట్ జిమ్ బ్యాగ్‌లో ఉందన్నాడు, నిన్ననే బ్యాక్ డే అయిందన్నాడు. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. ఈలోపల యాభై దాటిన గ్యాస్ ఆయన, హవాయి చెప్పులు, చాక్ లేదు స్ట్రాప్స్ లేవు, సిలిండర్ భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కేసి వచ్చి యాభై రూపాయలు అడిగాడు. మన రియల్ స్ట్రెంత్ పిల్లగాడు ముప్పై ఇస్తానని బేరం పెట్టాడు.

బియ్యం బస్తా సంగతీ అంతే. 2022 జులై 18 నుంచి ఇరవై ఐదు కేజీల దాకా ఉండే ప్యాకెట్ బియ్యానికి జీఎస్టీ వేస్తే మిల్లుల వాళ్లు పన్ను పడకుండా చక్కగా ఇరవై ఆరు కేజీల బస్తాలు దింపారు. ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ (బరువు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవుడు) అంటే ఏందో మా అమ్మకి నేర్పింది ఏ కోచూ కాదు, జీఎస్టీ కౌన్సిల్.

ఇది రాడ్ మతం. అవతలి మతానికి పీఠాధిపతి మా జిమ్ కోచ్. అమ్మ ఒకరోజు ఎనిమిది కేజీల డంబెల్ ముట్టుకోగానే పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఈ డంబెల్స్, రాడ్లు, ఫ్రీ వెయిట్స్ లేడీస్‌కి వద్దు, మీ ఏజ్‌కి అసలే వద్దు, గర్భసంచి ఆపరేషన్ అయిందన్నారు కదా, ట్రెడ్‌మిల్ చేస్కోండి."

ఆపరేషనై పద్దెనిమిదేళ్లయింది. డాక్టరమ్మ బరువులెత్తొద్దన్నది కొన్ని వారాలు. ఆ తర్వాత ఇన్నేళ్లూ తెల్లారి నాలుగింటికి నల్లా వస్తే బిందెలు పైకి మోసింది ఎవరు? ఇద్దరు మనవళ్లని చెరో చంకనేసుకుని అన్నం వండింది ఎవరు? అప్పుడు ఒక్కడు రాలేదు వద్దని చెప్పడానికి, ఇంటాయనా రాలేదు, నేనూ రాలేదు. మా కోసం మోసినంత కాలం అది బరువే కాదు, తన కోసం ఎనిమిది కేజీలు ఎత్తగానే ఊళ్లో ప్రతి మగాడూ డాక్టరైపోయాడు. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చి పాతికేళ్లు దాటిందిరా, ఇంకా లేడీస్‌కి వద్దు ఏంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని పెట్టమన్నది, ఆడవాళ్లు ముసలివాళ్లు మినహా అని ఎక్కడా రాయలేదు. నెలసరి ఆగినాక ఎముక పలచబడేది ఆడవాళ్లకే, బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగి మంచం ఎక్కేది ఎక్కువగా వాళ్లే, బరువు అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లనే ఒకడు ఫేక్ అని, ఇంకొకడు రిస్క్ అని తరుముతుంటే కడుపు మండదా?

అమ్మ మాత్రం ఇద్దరి మాటా వినలేదు. ఇప్పుడు లెగ్ ప్రెస్ నలభై కేజీలు, తర్వాత అదే ఎనిమిది కేజీల డంబెల్ గుండెకి హత్తుకుని కుర్చీ మీద కూచునుడు, లేసుడు. మొన్న శనివారం మన రియల్ స్ట్రెంత్ సెట్ అయిపోగానే ప్లేట్లన్నీ రాడ్‌కే వదిలేసి వాటర్ బాటిల్ తీసుకుని పోతున్నాడు. అమ్మ లేచి పోయి ఒకవైపు పది కేజీల ప్లేట్ రెండు చేతులా లాగి స్టాండ్‌లో పెట్టి, వాణ్ని పిలిచింది.

"ఓ బిడ్డా, గా పక్కది నువ్వు తియ్యి. ఒక్కపక్కనే తీస్తే రాడ్ బోర్ల పడతది."