బేబ్ రూత్ ఎవరో తెలియని బేబీ రూత్ చాక్లెట్ గారికి

అయ్యా, నమస్కారం. ఉభయకుశలోపరి.

వేరుశెనగ పప్పు, కారమెల్, నూగా, పైన చాక్లెట్ పూత. మీ ఒంట్లో ఏముందో రేపర్ మీదే రాసుంటుంది కాబట్టి ఆ ఆరా తీయను. నా అనుమానమల్లా మీ పేరు మీదే.

షికాగోలో ఒట్టో ష్నెరింగ్ గారి కర్టిస్ క్యాండీ కంపెనీలో మీరు మొదట క్యాండీ కేక్ అనే పేరుతో తిరిగేవారు. 1921లో ఉన్నట్టుండి బేబీ రూత్ అయ్యారు. న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ టీమ్‌లో బేబ్ రూత్ అనే ఆయన అంతకుముందు ఏడాది 54 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్లలాంటివి), ఆ ఏడాది 59 కొట్టి ఊరూవాడా మార్మోగిపోతున్న రోజులవి. బేస్‌బాల్ బ్యాటు ఎటువైపు పట్టుకోవాలో తెలియని వాళ్ల నోట్లో కూడా ఆయన పేరే.

మీ కంపెనీ మాత్రం ఆయనతో మాకేం సంబంధం లేదంది. అమెరికా ప్రెసిడెంట్‌గా చేసిన గ్రోవర్ క్లీవ్‌లాండ్ గారి కూతురు రూత్ పేరు పెట్టుకున్నామంది. ఎంత పెద్ద మనసండీ! ఆ పాప 1904లో, 12 ఏళ్లకే డిఫ్తీరియాతో పోయింది. మీ కంపెనీ పుట్టిందే 1916లో. ఆవిడ పోయిన 17 ఏళ్లకు, దేశమంతా ఇంకో రూత్‌ని చూడ్డానికి స్టేడియాల ముందు తోసుకుంటున్నప్పుడే, మీకు ఈ రూత్ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయన్నమాట. మన సినిమాల మొదట్లో "ఈ కథ ఎవరినీ ఉద్దేశించినది కాదు" అని వేసే కార్డుక్కూడా ఇంత ధైర్యం ఉండదు.

ప్రచారానికి మాత్రం మీకు మొహమాటం లేదు లెండి. 1923లో విమానం ఎక్కి, బుల్లి ప్యారాచూట్లు కట్టుకుని పిట్స్‌బర్గ్ జనం నెత్తిన దిగారు.

ఇంతలో రూత్ గారికి ఒక ఐడియా వచ్చింది. తన పేరు మీద చాక్లెట్ ఏదో తనే అమ్ముకుంటే పోలా అని. ఆయన అసలు పేరు జార్జ్ హెర్మన్ రూత్. కంపెనీ పేరు జార్జ్ హెచ్. రూత్ క్యాండీ కంపెనీ, సరుకు పేరు రూత్స్ హోమ్ రన్. మీరు ఊరుకుంటారా? పేటెంట్ ఆఫీసు నుంచి అప్పీళ్ల కోర్టు దాకా లాగారు. 1931లో గెలిచారు కూడా. ఆయన చాక్లెట్ చూసి జనం అది మీదేననుకుని పొరబడతారట! రూత్ పేరు రూత్ పెట్టుకుంటే జనానికి అయోమయం, మీరు పెట్టుకుంటే ఏ అయోమయమూ లేదు. ఆ లాజిక్‌కి ఒక దండం. అప్పట్లో మీ ధర అయిదు సెంట్లు. అందులో ఆయనకు ముట్టింది సున్నా.

మరుసటి ఏడాది షికాగోలోనే, రిగ్లీ ఫీల్డ్ స్టేడియంలో వరల్డ్ సిరీస్ (అంటే బేస్‌బాల్ ఫైనల్స్) మూడో మ్యాచ్. రూత్ చెయ్యెత్తి చూపించి మరీ హోమ్ రన్ కొట్టాడంటారు. బంతి పడబోయే చోటు చూపించాడా, తనని వెక్కిరిస్తున్న ఎదుటి టీమ్ వాళ్లకి జవాబిచ్చాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. మీకు మాత్రం అంతా స్పష్టంగానే కనిపించినట్టుంది. బంతి వెళ్లిన వైపే, రోడ్డవతల ఇంటి కప్పు మీద మీ పేరుతో లైట్ల బోర్డు లేచింది. దశాబ్దాలపాటు అక్కడే ఉంది. క్లీవ్‌లాండ్ గారి పాపకి బేస్‌బాల్ అంటే అంత పిచ్చని పాపం వాళ్లింట్లోవాళ్లకైనా తెలుసో లేదో.

రూత్ 1948లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన 714 హోమ్ రన్ల రికార్డుని 1974లో హాంక్ ఆరన్ దాటేశాడు. "రూత్ కట్టిన ఇల్లు" అని జనం పిలుచుకున్న పాత యాంకీ స్టేడియాన్ని కూల్చేశారు. మీరు మాత్రం బిల్లు కౌంటర్ పక్కన అలాగే ఉన్నారు. ఒక్క బేస్‌బాల్ మ్యాచ్ కూడా చూడని పిల్లాడి నాలుక మీద ఆయన పేరు ఇంకా ఆడుతోందంటే అది మీ చలవే. ఒప్పుకోడానికి మనసు రాదు గానీ నిజం.

1995లో రూత్ ఆస్తుల వ్యవహారాలు చూసే కంపెనీ దగ్గర లైసెన్స్ తీసుకుని, ఆయన పేరు, బొమ్మ మీ ప్రకటనలకు వాడుకున్నారు. అప్పటికి పేరు మార్చుకుని 74 ఏళ్లు. 2006లో మేజర్ లీగ్ బేస్‌బాల్‌కి అధికారిక చాక్లెట్ బార్ కూడా అయిపోయారు. సంతోషం.

ఒక్క మనవి. ఈసారి ప్రకటనలో ఆ క్లీవ్‌లాండ్ పాప ఫొటో వేయించండి. బ్యాటు మాత్రం చేతికివ్వకండి.

ఇట్లు,
రేపర్ రెండువైపులా చదివే ఒక కస్టమర్