గూడబాతుల గుంపు ఎక్కడ వాలాలి?

గాయపడిన పక్షులకూ అడవి జంతువులకూ చికిత్స చేసి తిరిగి వదిలిపెట్టే కేంద్రం ఒకటి గుంటూరు శివారులో కట్టబోతున్నారు. దాని ముంగిట పెట్టదలచిన గూడబాతుల శిల్పం గురించి తెనాలి శిల్పి ఒకరికీ, అక్కడ పనిచేయబోయే పశువైద్యురాలికీ మధ్య జరిగిన వాదం ఇది.

శిల్పి: డాక్టరుగారూ, ఏడు గూడబాతులు వరుసగా గాలిలో తేలుతున్నట్టు గీశాను. రెక్క కొస నుంచి రెక్క కొసకు రెండున్నర మీటర్లు, అంటే బాగా ఎదిగిన పక్షికి ఉండేంత. మెరుగుపెట్టిన స్టీలు రేకుతో రెక్కలు చేసి, సన్నని ఉక్కు తీగలతో వేలాడదీస్తే ఆకాశమే వాటిలో కనిపిస్తుంది. ఉప్పలపాడు చెరువు మన ఊరి పక్కనే ఉన్నా, ఒక్కసారైనా వెళ్ళి ఆ పక్షులను చూడనివారు ఇక్కడ ఎందరో ఉన్నారు. వాళ్ళు ఈ వాకిట్లోనైనా తలెత్తి చూడాలని నా కోరిక.

వైద్యురాలు: ఆకాశం కనిపించడమే నా భయమండీ. అద్దంలో కనబడేది నీడ అని పక్షికి తెలియదు, చెట్టు కనిపిస్తే చెట్టే అనుకుని దూసుకువస్తుంది. అలా కొట్టుకున్న పిట్టను అరచేతిలో పెట్టుకుంటే ఒక్కొక్కసారి ఈక కూడా చెదిరి ఉండదు, ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటుంది, కానీ తల లోపల రక్తం చిమ్మి ఉంటుంది. ఇక తీగల మాట. గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినా, సంక్రాంతి వెళ్ళగానే దానితో రెక్కలు తెగిన పక్షులు మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఆ రెక్కను కుట్టి, వారాల తరబడి కాపాడి వదిలిపెట్టిన పక్షి మన గుమ్మంలోనే ఉక్కు తీగకు తగలాలా?

శిల్పి: తీగలు మానేసి స్తంభాల మీద నిలబెడతాను. మెరుపు కూడా వద్దంటారా?

వైద్యురాలు: గూడబాతు మెరవదు కదండీ. బూడిద కలిసిన తెలుపు, పై ముక్కు అంచు పొడుగునా చుక్కలు.

శిల్పి: ఆ చుక్కలకు బేరింగు గుండ్లు పెట్టవచ్చు, ఈకలకు మోటారు సైకిలు గొలుసులు. ఇనుప తుక్కుతో బొమ్మలు చేయడం మా తెనాలివాళ్ళకు చేతనైన పనే. దూరం నుంచి చూస్తే నిజమైన పక్షే అనుకునేలా చేస్తాను.

వైద్యురాలు: పక్షులు కూడా అలాగే అనుకుంటాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలో ఒక దీవికి పఫిన్లనే సముద్రపు పక్షులను మళ్ళీ రప్పించడానికి 1970ల్లో చెక్క బొమ్మలు నిలబెట్టారు, వాటిని చూసి నిజమైన పక్షులు దిగాయి.

శిల్పి: నా బొమ్మను పక్షి నమ్మిందంటే నాకు అంతకంటే ఏం కావాలి?

వైద్యురాలు: నమ్మితే దిగుతుంది. ఇక్కడ దిగడానికి చెరువు లేదు, రోడ్డూ కరెంటు తీగలూ ఉన్నాయి. గుంపును ఆకాశం నుంచి కనబడని చోట, సందర్శకుల హాలు కప్పు కింద పెట్టండి.

శిల్పి: ఎగిరే పక్షిని కప్పు కింద బంధించడం నాకు ఇష్టం లేదు. మరి వాకిట్లో ఏం ఉంటుంది? ఉత్త బోర్డా?

వైద్యురాలు: ఒక్క గూడబాతు, నేల మీద, రెక్కకు కట్టుతో. ఈ ఇంటికి వచ్చే పక్షి ఎగురుతూ రాదు, ఎవరో తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో పెట్టి తెస్తారు.

శిల్పి: గుంపు సంగతి తరువాత మాట్లాడుకుందాం, దాన్ని నేను వదులుకోను. ఆ కట్టు ఎలా ఉంటుందో చెప్పండి. బిగువుగానా, ముడతలు పడేలాగానా? ఇనుములో ఆ తేడా తేవాలి.

వైద్యురాలు: మడిచిన రెక్క చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పుతాము. రెక్క కదలకూడదు, రొమ్ము మాత్రం కదలాలి. మనకున్నట్టు ఊపిరితిత్తుల కింద పక్షికి పొర ఉండదు, రొమ్ము ఎముక లేచి దిగితేనే దానికి ఊపిరి ఆడుతుంది. అందుకని కట్టు రొమ్ము మీదుగా వెళ్ళేచోట కొంచెం వదులుగా చేయండి.