తారాపోర్ ఒక్కరే 60 ట్యాంకులు పేల్చారని రాయకండి

సెప్టెంబర్ వస్తే చాలు, అదే పోస్టు చక్కర్లు కొడుతుంది. పరమవీర చక్ర లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేశిర్ తారాపోర్ 1965లో ఒంటిచేత్తో 60 పాక్ ట్యాంకులు పేల్చేశారని. రాసేవాళ్ల అభిమానాన్ని తప్పుపట్టను గానీ, ఆ ఒక్క ముక్క ఆయన చేసిన అసలు పనిని కప్పెట్టేస్తోంది.

పురస్కార పత్రంలో 60 ఉన్న మాట నిజమే. అది ఆయన నడిపిన పూనా హార్స్ రెజిమెంట్ మొత్తం లెక్క, అదీ సుమారుగా. మనవైపు దెబ్బతిన్నవి 9. ట్యాంకు రెజిమెంట్ అంటే మూడు స్క్వాడ్రన్లు, అన్నీ కలిపి 45 దాకా ట్యాంకులు. వాళ్లు నడిపిన సెంచూరియన్ ట్యాంకులో నలుగురుంటారు. పేల్చేవాడు గన్నర్. కమాండింగ్ ఆఫీసర్ రేడియోలో ఒకపక్క తన స్క్వాడ్రన్ల మాట, మరోపక్క పైనున్న బ్రిగేడ్ మాట వింటూ ఎవరిని ఎటు తిప్పాలో అప్పటికప్పుడు తేల్చాలి. పైమూత వేసుకుంటే పెరిస్కోపుల్లోంచి కనపడేది ఎంత? పోరు జరిగిన పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ సెక్టార్‌లో ఆ నెల చెరకు నిలువెత్తున ఉంటుంది, దానికితోడు దుమ్ము. అందుకని మూత తీసి తల బయటపెట్టే నడపాలి. షెల్ పక్కన పడితే ముక్కలు తగిలేది అలా పైకి తేలి ఉన్న మనిషికే.

సెప్టెంబర్ 11న ఆ సెక్టార్‌లోని ఫిలోరా ఊరిని వెనకనుంచి కొట్టాలని రెజిమెంట్ ఫిలోరాకూ చవిండాకూ మధ్యలోంచి దూసుకెళ్తుంటే, వజీర్‌వాలీ వైపునుంచి శత్రువు భారీ ట్యాంకులతో విరుచుకుపడ్డాడు. ముందు వరసలో ఉన్న తారాపోర్ వెనక్కి తగ్గలేదు. ఒక స్క్వాడ్రన్‌నీ, తోడుగా ఒక పదాతి బెటాలియన్‌నీ తీసుకుని ఫిలోరా మీదికే వెళ్లారు. గాయపడ్డారు. ఆస్పత్రికి పంపిస్తామంటే కుదరదన్నారు. ఆ గాయంతోనే 14న వజీర్‌వాలీ, 16న జస్సోరాన్, బుతూర్ డోగ్రాండీ పట్టుకున్నారు.

నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పని 16నాటిది. ఆ రెండు చోట్లా ఆయన పివట్లు నిలబెట్టారు. అంటే ట్యాంకులు పట్టిన చోటు వదలకుండా కాచుకుని, శత్రువు దాడిని తమమీదికి లాక్కుని, పదాతి దళం వెనకనుంచి చవిండా మీదికి వెళ్లడానికి వీలు కల్పించడం. ట్యాంకు బలమంతా కదలికలోనే ఉంది. ఒకచోట ఆగిందంటే అవతలి ఫిరంగులు గురి సర్దుకుంటూ కొడుతూనే ఉంటాయి. ఆయన సొంత ట్యాంకుకే చాలాసార్లు దెబ్బలు తగిలాయి. అయినా కదలలేదు. కదిలితే పొలాల్లో నడుస్తున్న జవాన్లకు అండ పోతుంది. ఆ రోజే ప్రాణాలు వదిలారు. వయసు 42. ఆయన పడిపోయాక కూడా రెజిమెంట్ పోరు ఆపలేదు. ఆరేళ్ల తర్వాత, 1971లో బసంతర్ దగ్గర మరో పరమవీర చక్ర వీరుడు అరుణ్ ఖేతర్‌పాల్ పోరాడింది కూడా ఈ పూనా హార్స్‌లోనే.

ఇంకో బాధ. ఈయన సైనిక జీవితం మొదలైంది మన హైదరాబాద్ సంస్థానం సైన్యంలో అని ఇక్కడ ఎంతమందికి తెలుసు? 1923లో బొంబాయిలో పుట్టారు, తాతగారి కాలానికే కుటుంబం నిజాం కొలువులో ఉంది. 1942లో హైదరాబాద్ ఇన్ఫంట్రీలో చేరారు. శిక్షణలో ఒక జవాను విసరబోయిన గ్రెనేడ్ జారి అక్కడే పడితే, తారాపోర్ దూకి దాన్ని అందుకుని అవతలికి విసిరారు. అది పేలి ముక్కలు ఛాతీలో దిగాయి. చూసిన సంస్థానం సర్వసేనాని ఎల్ ఎద్రూస్ మెచ్చుకుంటే, ఆ అదనులో తనను ట్యాంకుల దళానికి మార్చమని అడిగారు. అలా హైదరాబాద్ లాన్సర్స్‌కి, సంస్థానం విలీనమయ్యాక 1951లో పూనా హార్స్‌కి వచ్చారు.

చవిండా మాత్రం మన చేతికి రాలేదు. పురస్కార పత్రం కూడా వచ్చిందని అనదు. దాచాల్సిన సంగతేం కాదది. వచ్చే సెప్టెంబర్‌లో పోస్టు పెట్టేవాళ్లు "ఒంటిచేత్తో" అన్న మాట కొట్టేసి, 11, 14, 16 తేదీలు వేసి, ఏ రోజు ఏ ఊరి దగ్గర ఏం జరిగిందో రాయండి. 60 పక్కన రెజిమెంట్ పేరు పెట్టండి.