ప్రవరుడి ‘వద్దు’, వరూధిని ‘వద్దు’

వైకుంఠ ఏకాదశి వెళ్లిన కొద్ది రోజులకు తిరుమల మాడవీధిలో ప్రణయ కలహోత్సవం జరుగుతుంది. ఒకవైపు నుంచి మలయప్పస్వామి, ఎదురుగా శ్రీదేవి భూదేవులు పల్లకీల్లో వస్తారు. అమ్మవార్ల తరఫున అర్చకులు పూలచెండ్లు విసురుతుంటే స్వామి పల్లకీ బెదిరినట్లు వెనక్కి జరుగుతుంది. చూసేవారికి ముచ్చటే. ఆ కోపం ఎలా ముగుస్తుందో మాత్రం మొదటి చెండు లేవకముందే అందరికీ తెలుసు. మన పాత శృంగార కవిత్వంలో స్త్రీ కోపానికి దక్కిన చోటు దాదాపు ఇంతే.

అన్నమయ్య (1408–1503) శృంగార సంకీర్తనల్లో నాయిక ఎంత మాటైనా అంటుంది, వేరొకతె గుర్తులు చూపించి మరీ నిలదీస్తుంది. అయినా ముద్ర, అంటే స్వామి పేరు, పడే చివరి చరణానికి వచ్చేసరికి వేంకటేశ్వరుడు ఆమెను కూడటమే ఎక్కువగా కనిపిస్తుంది. భక్తులకు అది జీవాత్మ పరమాత్మల కలయిక, కాదనను. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుణ్ని ఎడమకాలితో తన్నినప్పుడు కూడా, నీ పాదం నొచ్చిందేమోనని కృష్ణుడు బుజ్జగిస్తాడే తప్ప, ఆమె నిజంగానే తనను వద్దనుకుందేమోనన్న అనుమానం ఆయనకూ రాదు, కవికీ రాదు. అలక అనే పేరు పెట్టాక ఇక కాదనడానికి మాటే మిగలదు.

మగవాడు కాదంటే లెక్క వేరు. తిరుమల ఆలయంలో దేవేరులతో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయలకే అల్లసాని పెద్దన మనుచరిత్రను అంకితమిచ్చాడు. అందులో ప్రవరుడనే గృహస్థు, తనను కోరి వచ్చిన అప్సరస వరూధినిని తోసేస్తాడు. నీ గోరు గీరుకుందని ఆమె ఏడుస్తుంది. అతను అగ్నిని ప్రార్థించి ఇంటికి వెళ్లిపోతాడు. ఆ నిరాకరణను అలక అని ఎవరూ అనలేదు. ఇంద్రియ నిగ్రహమన్నారు, మా తరగతి గదిలోనూ అదే చెప్పారు.

తరగతిలో తొందరగా దాటేసిన ఘట్టం ఆ తరువాతిది. వరూధిని అంతకుముందే కాదన్న గంధర్వుడొకడు ప్రవరుడి వేషంలో వస్తాడు, కలయిక వేళ కళ్లు మూసుకోవాలని షరతు పెడతాడు. ఆమె చెప్పిన ‘వద్దు’ను దాటడానికి అతనికి ఆ మారురూపం చాలింది. పండితులు దాన్ని మాయాప్రవరుడి చమత్కారంగా చెప్పుకుని నవ్వుకున్నారు; నాకది పచ్చి మోసం. ఆ మోసంతో పుట్టినవాడే స్వరోచి, అతని కొడుకు స్వారోచిష మనువు. కావ్యానికి పేరు వచ్చింది ఆ మనువు వల్లనే.