ఎర్ర పలక

నిన్న మధ్యాహ్నం ముగ్గురు మనుషుల ఎదుట నా కంప్యూటరు నన్ను తిట్టింది. తిట్టినది కంప్యూటరే అయినా ఆ తిట్టు రాసిపెట్టినవాణ్ణి నేనే కనుక, ఎవరి మీద కేకలు వేయాలో తెలియక అప్పటి నుంచి మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. ఈ మంట చల్లారకముందే జరిగినది రాసుకోవడం మంచిదనిపించింది. చల్లారితే నన్ను నేను క్షమించేసుకుంటాను. ఆ విద్యలో నా చేయి బాగా తిరిగింది.

నేను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో సొంతంగా రాతపని చేసుకునేవాణ్ణి. సంస్థల వెబ్‌సైట్లకు కావలసిన వివరణలు రాసి ఇస్తాను. ఈ వృత్తిలో యజమానీ నేనే, పనివాణ్ణీ నేనే. యజమాని కళ్ళు మూసుకుంటే తప్ప పనివాడికి విశ్రాంతి దొరకదు. అయితే పనివాడు అడగడమే ఆలస్యం, యజమాని కళ్ళు మూసుకుంటాడు. మూడు వారాల కిందట, దుకాణాల్లో సరుకు పేర్చి చూపించే స్టాండ్లూ బోర్డులూ తయారుచేసే ఒక సంస్థ తమ 40 ఉత్పత్తులకు వివరణలు రాయమని అడిగింది. ఒప్పుకున్నాను. ఆ తర్వాతి రెండు వారాల గురించి చెప్పడానికి ఏమీ లేదు, వాటిలో ఏమీ జరగలేదు కనుక.

ఏమీ జరగలేదనడం నాకు నేను చేసుకునే అన్యాయం. పనిని వాయిదా వేసే అలవాటు గురించి ఆ రెండు వారాల్లో నేను చదివినంత బహుశా ఆ అలవాటు లేనివాళ్ళెవరూ చదివి ఉండరు. ఫ్రాంచెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివరలో, చదువుకునే రోజుల్లో, టమాటా ఆకారపు వంటింటి టైమరును ఎదురుగా పెట్టుకుని 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పద్ధతిని రూపొందించుకున్నాడని తెలుసుకుని, నాకు తగిన టైమరును ఎంచుకోవడంలో ఒక మధ్యాహ్నమంతా గడిపాను. తమకు తాము గడువులు పెట్టుకున్న విద్యార్థులు చివర్లో ఒకే ఒక్క గడువు ఉన్నవారి కంటే మెరుగ్గా పనిచేసినా, బయటివారు సమానమైన ఎడంతో పెట్టిన గడువుల ముందు ఆ సొంత గడువులు తేలిపోయాయని ఏరియలీ, వెర్టెన్‌బ్రాక్ 2002లో ప్రచురించిన పరిశోధనలో చదివి, నేను పెట్టిన గడువు నా మాట వినకపోవడం నా ఒక్కడి దోషం కాదని ఊరట చెందాను. వాయిదా అనేది సమయపాలనలో లోపం కన్నా, పని పుట్టించే చిరాకు నుంచి ఆ కాసేపు తప్పించుకునే ప్రయత్నమని సిరోయిస్, పిచిల్ అనే మనస్తత్త్వ పరిశోధకులు 2013లో రాసిన మాట నాకు ఎంత సూటిగా తగిలిందంటే, ఆ చిరాకు తగ్గడానికి మరో రెండు వ్యాసాలు చదవవలసి వచ్చింది. చేయవలసిన పెద్ద పనిని తప్పించుకోవడం కోసం చిన్న పనులన్నీ పూర్తి చేసేయడం కూడా ఒక సామర్థ్యమేనని వాదించిన తత్త్వశాస్త్ర ఆచార్యుడు జాన్ పెర్రీకి 2011లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారని తెలిసిన రోజున నా బీరువా సర్దడం పూర్తయింది.

చివరికి మొన్న సోమవారం ఉదయం, మనసును నమ్ముకుని లాభం లేదని తేల్చుకుని, దారి మళ్ళించే వెబ్‌సైట్లను తెరవనివ్వకుండా చేసే ఒక యాప్‌ను కంప్యూటరులో పెట్టుకున్నాను. ఏ సైట్లను ఆపాలో ఒక్కొక్కటిగా చెప్పనక్కరలేదు, చిరునామాలో ఫలానా మాట ఉంటే ఆపమని చెబితే చాలునని రాసి ఉండటంతో, నా బలహీనతలన్నిటినీ తలచుకుంటూ వీడియో, న్యూస్, గేమ్, ప్లే అనే మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరుసగా ఎక్కించాను. శనివారం వరకు రోజూ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు తాళం. మధ్యలో తీయాలంటే 200 అక్షరాల అర్థంలేని వరుసను ఒక్క తప్పూ లేకుండా టైపు చేయాలి. కాపీ చేసి అతికిస్తే ఒప్పుకోదు. ఇంత కఠినమైన షరతుకు ఎందుకు ఒప్పుకున్నానంటే, షరతుకు ఒప్పుకోవడం పని చేయడం కన్నా సులువు కనుక.

అంతటితో ఆగితే సరిపోయేది. నిషిద్ధమైన సైటు తెరవబోయినప్పుడు తెర మీద కనిపించవలసిన సందేశాన్ని మన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చునట. వాళ్ళు నమూనాగా ఇచ్చిన వాక్యం లోతుగా ఊపిరి పీల్చి లక్ష్యాన్ని గుర్తు తెచ్చుకోమని బతిమాలుతోంది. రెండు వారాలుగా నన్ను నేను బతిమాలుకునే ఇక్కడిదాకా వచ్చాను కదా అనిపించి, దాన్ని చెరిపేసి, ఎర్రటి పలక మీద తెల్లటి పెద్ద అక్షరాలతో ఇలా రాశాను: “సిగ్గు లేదా? మళ్ళీ ఇక్కడికే వచ్చావా? ఈ చెత్త చూసి ఎవడు బాగుపడ్డాడు? పోయి పని చూసుకో!” రాసిన తర్వాత చాలా తృప్తి కలిగింది. ఆ మూడు వారాల్లో నేను ఒక్క దెబ్బకు, దిద్దుబాటు లేకుండా రాసిన వాక్యాలు అవే.

క్లయింటుతో వీడియో కాల్ నిన్న మూడు గంటలకు. అది అసలు సోమవారం ఎనిమిదింటికి జరగవలసినది. వాళ్ళు మూడుసార్లు సమయం మార్చారు. సోమవారం ఎనిమిదింటికే జరిగి ఉంటే నా యాప్ అప్పటికింకా పుట్టి ఉండేది కాదన్న సంగతిని ఇక్కడ నమోదు చేయకుండా ఉండలేకపోతున్నాను. అవతల సంస్థ యజమాని ఉన్నారు, పెద్దాయన. వెబ్‌సైటు వ్యవహారాలు చూసే మేనేజరు గారు ఉన్నారు. లెక్కలు చూసే మరొకాయన కెమెరా ఆపేసి ఒక నల్లటి చదరంగా ఉన్నారు. పలకరింపులు కాగానే మేనేజరు గారు, “ఒకసారి మీ తెర షేర్ చేసి మన సైటు తెరవండి, ఏ పేజీలో ఏం రాయబోతున్నారో చూపిద్దురు గాని,” అన్నారు. షేర్ చేశాను. వాళ్ళ చిరునామా టైపు చేసి ఎంటర్ కొట్టాను.

డిస్‌ప్లే అనే మాటలో ప్లే ఉంటుంది. ఇది చిన్న పిల్లవాడికి చూపించినా చెబుతాడు. డిస్‌ప్లే స్టాండ్లు తయారుచేసే సంస్థ తన వెబ్ చిరునామాలో డిస్‌ప్లే అని పెట్టుకోవడంలో వింత లేదు. ఆ సంస్థ దగ్గర పనికి ఒప్పుకున్న మనిషి ప్లే అనే నాలుగు అక్షరాలను నిషేధించడంలోనే ఉంది. ఇటువంటి పొరపాటుకు చరిత్రలో నాకన్నా గొప్పవాళ్ళే పూర్వీకులు. 1996లో ఒక పెద్ద ఇంటర్నెట్ సంస్థ పెట్టిన బూతుల వడపోత, ఇంగ్లండులోని స్కన్‌థార్ప్ పట్టణం వాళ్ళను ఖాతాలు తెరవనివ్వలేదు. ఆ ఊరి పేరులో ఒక బూతు మాట ఇరుక్కుని ఉండటమే కారణం. ఈ జాతి తప్పులన్నిటినీ ఇప్పటికీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. అయితే ఆ ఊరివాళ్ళను వడపోత అడ్డుకున్నదే తప్ప, సిగ్గు లేదా అని అడగలేదు.

తెరంతా ఎర్రబడింది. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మా అందరికీ వినిపించేలా పైకి చదవడం మొదలుపెట్టారు. ఆయన చదువు నిదానం. ఒక్కొక్క మాట దగ్గర ఆగి, దాని అర్థం తనకు పూర్తిగా అందిన తర్వాతే తర్వాతి మాటకు కదులుతారు. “సిగ్గు… లేదా…” అన్నారు. ఆగారు. “మళ్ళీ… ఇక్కడికే… వచ్చావా…” అన్నారు. ఈలోగా ట్యాబ్ మూసేయడానికి నాకు కావలసినంత సమయం ఉంది. అయితే పెద్దాయన చదువుతూ ఉండగా మధ్యలో కాగితం లాక్కున్నట్టు ఉంటుందేమోనన్న మర్యాద ఒకటి ఎక్కడి నుంచో వచ్చి నా చేతిని పట్టుకుంది. “ఈ చెత్త” దగ్గర ఆయన చాలాసేపు ఆగారు. ఆపైన కళ్ళజోడు మీదుగా చూస్తూ, “ఇది మన సైటేనా అమ్మా?” అని మేనేజరు గారిని అడిగారు.

“ఎవరో హ్యాక్ చేసినట్టున్నారు సార్,” అన్నారావిడ. అంతవరకు ఉలుకూ పలుకూ లేని నల్లటి చదరం, “పోలీసులకు ఫిర్యాదు చేద్దామా సార్?” అంది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ క్షణంలో నేను నోరు మెదపలేదు. ఏడెనిమిది సెకన్లపాటు, ఎవరో దుర్మార్గుడు ఆ సంస్థ సైటులో చొరబడ్డాడన్న కథ నా ముందు ఎంతో అందంగా నిలబడింది. అందులో దొంగ ఉన్నాడు, నష్టపోయిన సంస్థ ఉంది, ఆ సంగతిని మొదట కనిపెట్టిన అప్రమత్తుడైన రచయితా ఉన్నాడు. పని ఆలస్యమైనందుకు కారణం కూడా దానంతట అదే దొరుకుతోంది. ఆ దొంగను పట్టుకోవడానికి ఏయే ప్రశ్నలు అడుగుతారో, వాటికి నేను ఏమేం చెప్పాలో కూడా ఆలోచించేశాను. ఇంత వేగంగా నా బుర్ర ఆ 40 వివరణల మీద పనిచేసి ఉంటే ఈ కాల్ అవసరమే ఉండేది కాదు. అంతలో మేనేజరు గారు తన కంప్యూటరులో సైటు తెరిచి, “ఇక్కడ బాగానే వస్తోంది సార్. ఆయన దగ్గరే ఇలా కనిపిస్తోంది,” అన్నారు.

ఒప్పుకున్నాను. ఏకాగ్రత కోసం ఒక యాప్ పెట్టుకున్నానని, పొరపాటున మీ సైటు దానికి చిక్కిందని, ఆ మాటలు మిమ్మల్ని ఉద్దేశించినవి కావని, నన్ను నేను అనుకున్నవని వివరించాను. “మిమ్మల్ని మీరే?” అన్నారు పెద్దాయన, జాలిగా. ఆ జాలి కంటే తిట్టు నయం. ఒక్క నిమిషంలో తాళం తీసేస్తానని మాట ఇచ్చి, వాళ్ళు చూస్తూ ఉండగానే ఆ 200 అక్షరాలు కొట్టడానికి పూనుకున్నాను. ఆ వరుసలో సున్నా ఏదో, ఓ అక్షరం ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఒకటికీ ఎల్‌కూ తేడా తెలుసుకోవడానికి మేనేజరు గారు కూడా సాయం పట్టారు. “అది పెద్ద ఐ అనుకుంటానండీ,” అన్నారు. కాదు. తప్పు పడగానే పాత వరుస మాయమై కొత్త వరుస వచ్చింది. ఇది మనిషి దృఢ సంకల్పాన్ని కాపాడటానికి చేసిన ఏర్పాటట. దీన్ని రూపొందించిన వ్యక్తి ఎవరో గాని, ఆయనకు క్లయింట్లు లేరని మాత్రం చెప్పగలను.

రెండో వరుసలో సగానికి వచ్చేసరికి తెర మూలన గంట మోగింది. పని చేస్తున్నానన్న నమ్మకం నాకే కలగడం కోసం కాల్‌కు ముందు తిప్పిపెట్టిన టైమరు అది. “అభినందనలు! 25 నిమిషాల ఏకాగ్ర శ్రమను పూర్తి చేశారు,” అని ఒక పచ్చటి పట్టీ ఎర్ర పలక మీదుగా మెల్లగా జారుతూ వెళ్ళింది. ఎవరూ మాట్లాడలేదు.

“ఒకసారి పేజీని మళ్ళీ లోడ్ చేసి చూడండి,” అన్నారు మేనేజరు గారు. చేశాను. మళ్ళీ సిగ్గు లేదా అంది. ఇంకోసారి చేశాను. అప్పుడు ఆవిడ తెరకు దగ్గరగా వంగి, “కింద చిన్న అక్షరాలతో ఏదో ఉందండీ,” అన్నారు. నేను అంతవరకు చూడలేదు. పలక అడుగున, వినియోగదారుడికి తన పురోగతి తెలియడం కోసం ఆ యాప్ వాళ్ళు దయతో ఏర్పాటు చేసిన లెక్క ఒకటి ఉంది: “తాళం వేసినప్పటి నుంచి ఈ సైటు తెరవడానికి మీరు చేసిన ప్రయత్నాలు: 3.”

“తాళం ఎప్పుడు వేశారు?” అన్నారావిడ.

“సోమవారం ఉదయం.”

“ఇవాళ గురువారం కదండీ,” అన్నారు, నన్ను సరిదిద్దుతున్నట్టు కాక, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. “ఈ మూడుసార్లూ ఇప్పుడు మా ముందు తెరిచినవే కదా.” నిన్నగాక మొన్న, బుధవారం మధ్యాహ్నం, మీ సైటును పేజీ పేజీగా పరిశీలిస్తున్నానని ఆవిడకు సందేశం పంపింది నేనే. ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తకపోవడంలో ఎంత క్రూరత్వం ఉండవచ్చునో నాకు అప్పుడు తెలిసింది. పెద్దాయన మాత్రం ఎర్ర పలకను ఇంకా చూస్తూనే ఉన్నారు. “మూడు వారాల్లో మీ రాత మా సైటు మీద కనిపించడం ఇదే మొదటిసారి,” అని, “అక్షరాలు మాత్రం దూరం నుంచి కూడా బాగా కనబడుతున్నాయి. ఈ ఎరుపు మనవాళ్ళకు చూపించాలి,” అన్నారు. బోర్డుల వ్యాపారి కనుక అది ఎగతాళో, వృత్తిపరమైన మెచ్చుకోలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. 40 వివరణలూ సోమవారానికి కావాలన్నారు. కాల్ ముగిసింది.

తాళం తీసిపెట్టమని యాప్ వాళ్ళ సహాయ విభాగానికి నిన్ననే రాశాను. జవాబు ఇవాళ ఉదయం పదింటికి వచ్చింది. నా పట్టుదలకు అభినందనలట. ఇటువంటి బలహీన క్షణాల్లో వినియోగదారులు ఇలాగే బతిమాలుతారని తమకు తెలుసునట, అందువల్ల నా మేలు కోరి తాళం తీయడం లేదట, నా సమస్య పరిష్కారమైనట్టు భావించి ఫిర్యాదును మూసివేస్తున్నారట. అడుగున, మా సేవకు ప్లే స్టోర్‌లో ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పండి అంటూ ఒక లంకె ఉంది. ఇవ్వవలసిన నక్షత్రాల గురించీ, దాని కింద రాయవలసిన నాలుగు మాటల గురించీ నాకు ఎటువంటి సందేహమూ లేదు. లంకె నొక్కాను.

సిగ్గు లేదా అని అడిగింది.