ఆట నిలబడింది, గుడి కూలింది

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. సెలవులకు మా ఇంటికొచ్చి, అటక మీది అట్టపెట్టె దించి, అందులోని నా పాత గేమ్ డిస్కుల దుమ్ము దులిపి, రెండు రోజులు టీవీకి అతుక్కుపోయాడు. మూడో రోజు పొద్దున ఇడ్లీ తుంచుతూ ఒక తీర్పు వెలువరించాడు.

"మామయ్యా, ఇన్నేళ్ళయినా ఈ గేమ్ ఇంకా నిలబడే ఉంది."

ఈ మాట నాకు కొత్త కాదు. పాత ఆటను ముట్టుకున్న ప్రతివాడూ ఇదే అంటున్నాడు. నిలబడింది, నిలబడలేదు, కాస్త వంగి నిలబడింది. నాకు తెలిసి మన భాషలో నిలబడేవి కొన్నే. ఎన్నికల్లో అభ్యర్థి, ఇచ్చిన మాట మీద మనిషి, సిటీ బస్సులో నేను. వీటి పక్కన ఒక ప్లేస్టేషన్ ఆటకు కూడా చోటివ్వాలంటే విచారణ జరగాలి. వాడి తీర్పు మీద అప్పీలు చేసుకుని, ఆ రాత్రి రిమోట్ లాంటి ఆ వస్తువు చేతిలోకి తీసుకున్నాను.

ఆట పేరు అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ. 2017 ఆగస్టులో వచ్చింది. అమెరికాలోని నాటీ డాగ్ అనే స్టూడియో తయారీ. అంతకు ముందు ఏడాది వచ్చిన అన్‌చార్టెడ్ 4కి చిన్న తోక కథ ఒకటి చేద్దామని మొదలుపెడితే అది పెరిగి పెద్దదై విడి ఆటగా బయటికొచ్చింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని మన సామెత. వీళ్ళు తోక చేయబోయి ఏకంగా వినాయకుడి దంతం దాకా వచ్చారు. నిజంగానే, కథంతా ఆ దంతం కోసమే. తండ్రి వైపు భారతీయురాలు, మాట తీరులో ఆస్ట్రేలియా మనిషి అయిన క్లోయీ ఫ్రేజర్, దక్షిణాఫ్రికాలో కిరాయి సైన్యాన్ని నడిపిన నాడీన్ రాస్, ఇద్దరూ కలిసి పశ్చిమ కనుమల్లో, ఒకప్పుడు కర్ణాటకను ఏలిన హొయసలుల శిథిలాల మధ్య ఏకదంతుడి విరిగిన దంతం వెతుకుతారు. వెనకాల అసవ్ అనే తిరుగుబాటు నాయకుడు, వాడి వెనకాల ఓ సైన్యం.

న్యాయం చెప్పుకోవాలి కదా. కనుమల పచ్చదనం ఇప్పటికీ కళ్ళు చల్లబరుస్తుంది. జీపు చక్రాల కింద బురద, తడి రాతి మీద వెలుగు, దూరాన జలపాతం, ఇవన్నీ ఈ ఏడాది ఆటల పక్కన పెట్టినా సిగ్గుపడవు. క్లోయీ, నాడీన్ ఒకళ్ళనొకళ్ళు నమ్మక, నమ్మలేక, మెల్లగా నమ్మడం చక్కగా రాశారు. ఏనుగెక్కి ఇద్దరూ నెమ్మదిగా వెళ్ళే ఘట్టం దగ్గర నేను కూడా కాసేపు నోరు మూసుకున్నాను. చివర రైలు మీద పోరాటం సరేసరి. గడ్డిలో కూర్చుంటే శత్రువులకు కనపడకపోవడం మాత్రం అప్పుడూ నవ్వే, ఇప్పుడూ నవ్వే. నాలుగడుగుల దూరంలో తోటివాడు మాయమైతే, "గాలికి పోయాడేమో" అన్నట్టు పహరా కొనసాగించే సైన్యంతో ప్రభుత్వాన్ని కూల్చాలనుకున్న అసవ్ మీద జాలేసింది.

సరే, ఆట నిలబడిందనే అనుకుందాం. ఆటలో ఇంకేమన్నా నిలబడిందా?

నేను లెక్కపెడదామని కూర్చున్నాను. క్లోయీ చెయ్యేసిన చూరు ఊడుతుంది. కాలు పెట్టిన అరుగు విరుగుతుంది. వంతెన ఎక్కితే వంతెన, స్తంభానికి ఆనుకుంటే స్తంభం. ఊడిన ప్రతిసారీ ఆవిడ పడబోయి, ఒక చేత్తో వేలాడి, ఊపిరి పీల్చుకుని పైకొస్తుంది. రాయి మాత్రం పైకి రాదు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాక కాలి వేళ్ళు మొదలుపెట్టాను. అవీ అయ్యాక మా ఆవిణ్ణి పిలిచాను. "మీ లెక్కలకి నా వేళ్ళు ఇవ్వను" అని వంటింట్లోకి పోయింది.

1311లో మాలిక్ కాఫుర్ దండెత్తి వచ్చి హొయసలుల రాజధానిని దోచుకుపోయాడు. అయినా ఆ రాజధాని ఉన్న చోట, ఇప్పటి హళేబీడులో, హొయసలేశ్వరాలయం ఈ రోజుకీ ఉంది, చెప్పులు విప్పి వెళ్ళి చూసి రావచ్చు. ఢిల్లీ సుల్తాను సేనాధిపతి కూల్చలేని దాన్ని ఇద్దరాడవాళ్ళు ఒక పూటలో నేలమట్టం చేశారంటే వాళ్ళ శక్తిని మెచ్చుకోవాలో, ఆ మేస్త్రీని తిట్టాలో తేల్చుకోలేకపోయాను.

మేస్త్రీ అన్నాను కదా, అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ ఆటలోని హొయసలులకు అరుగు కట్టడం రాదు గానీ యంత్రాలు చేయడం భలే వచ్చు. మీట నొక్కితే కొండంత విగ్రహాలు కదులుతాయి. చక్రం తిప్పితే చెరువుకు చెరువే ఖాళీ అవుతుంది. తప్పు పలక మీద అడుగేస్తే రాతి వీరుడు గొడ్డలి విసురుతాడు. నీడలు సరిగ్గా పడేలా బొమ్మలు తిప్పితే తప్ప తలుపు తెరుచుకోదు. శతాబ్దాల పాటు చమురు చుక్క పడకపోయినా అన్నీ మొదటి ఊపుకే కదులుతాయి. మా అపార్ట్‌మెంట్ లిఫ్టుకు ప్రతి నెలా మెయింటెనెన్స్ కట్టి కూడా మేము మూడో అంతస్తుకి మెట్లెక్కే పోతున్నాం.

అదంతా సరే. ఆ గుళ్ళో నిత్యపూజ ఎలా జరిగేదో ఎవరైనా ఆలోచించారా? నేను ఆలోచించాను.

అర్చకస్వామి తెల్లవారుజామున లేచి, చెరువులో మూడు మునకలేసి, తడిబట్టతో బయల్దేరతాడు. ఒక చేతిలో నైవేద్యం, రెండో చేతిలో హారతి పళ్ళెం. మొదటి ప్రాకారం దగ్గర మెట్లు లేవు, ముప్పై అడుగుల గొయ్యి ఉంది. పైన దూలానికి కొక్కెం తాడు విసరాలి. పళ్ళెం నోట కరుచుకుంటాడు, మడి పోకూడదు కదా. ఊగుతాడు, అవతల చూరు పట్టుకుంటాడు, చూరు ఊడుతుంది. పక్క చూరు పట్టుకుంటాడు. నైవేద్యం గిన్నె పడదు, ముప్పై ఏళ్ళ అనుభవం. తర్వాత పలకల గది. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ, వంగు. గొడ్డలి పిలక మీంచి పోతుంది. ఆ తర్వాత చక్రం, దాన్ని ఇద్దరు తిప్పాలి. పరిచారకుడు సెలవు పెట్టాడు. ఎలాగో ఒక్కడే తిప్పి, నీడల బొమ్మలు సరిచేసి, గర్భగుడి తలుపు తెరిచి, దీపం కొండెక్కకుండా కాపాడుకుంటూ లోపలికి వెళ్ళేసరికి, గొయ్యి అవతలి గట్టు మీంచి భార్య కేక వినపడుతుంది. "ఏమండీ, పెరుగు మర్చిపోయారు!"

ఇది మామూలు రోజు. శివరాత్రి సంగతేమిటి? ఊళ్ళోంచి వేల మంది. క్యూలో మోకాళ్ళ నొప్పుల ముసలమ్మ ముందున్నవాణ్ణి అడుగుతుంది, "నాయనా, గొడ్డలి ఎడం పక్కనించి వస్తుందా, కుడి పక్కనించా?" శీఘ్రదర్శనం టికెట్టు కొన్నవాళ్ళకు గొడ్డళ్ళు రెండే. రాజుగారి సిఫారసు చీటీ ఉంటే గొయ్యి మీద పలక వేస్తారు. పసిపిల్ల తల్లులకు కొక్కెం తాడు ఉచితం. దర్శనమయ్యాక బయటికొచ్చే దారి ఒకటే, జారుడు బండ మీంచి జలపాతంలోకి. పులియోగరె ప్రసాదం ఆకు దొన్నెలో తీసుకున్నవాళ్ళు నీళ్ళలోంచి మెతుకులు ఏరుకుంటూ ఒడ్డెక్కుతారు. "ఈసారి దర్శనం బాగా జరిగింది వదినా, మా మరిది ఒక్కడే పోయాడు" అనుకుంటూ ఇళ్ళకు వెళ్తారు.

దేవుణ్ణి కొలిచే జనం కట్టుకున్న గుడి ఇలా ఉండదు. నిధి వెతికే దొంగ కలలో గుడి ఇలా ఉంటుంది.

అసలు హళేబీడు చూస్తే ఈ ఆట చేసినవాళ్ళు నిరాశపడతారు. హాసన్ జిల్లాలో బంగాళాదుంపల పొలాల మధ్య, చెరువు పక్కన, దాదాపు చదును నేల మీద ఉంటుంది. బేలూరు అక్కడికి పదహారు కిలోమీటర్లు. రెండు ఊళ్ళ మధ్య బస్సు తిరుగుతుంది. కొక్కెం తాడు అక్కర్లేదు, చిల్లర ఉంటే చాలు. ఆకాశమంత విగ్రహాలేవీ లేవు. బేలూరు చెన్నకేశవాలయం 1117లో విష్ణువర్ధనుడు కట్టించింది. అక్కడి గొప్పతనమంతా జానెడు మేరలో ఉంటుంది. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే రాయి అది. దాన్ని కంసాలి బంగారం చెక్కినట్టు చెక్కారు. అద్దంలో చూసుకునే దర్పణ సుందరి ముందు నిలబడితే మెడ నొప్పి పుట్టేదాకా కదలబుద్ధి కాదు. కింది వరసలో ఏనుగులు బారులు తీరి నడుస్తుంటాయి, ఏ రెండూ ఒకలా ఉండవు. చెక్కినవాళ్ళు పేర్లు కూడా రాసుకున్నారు. దాసోజ, అతని కొడుకు చావణ, ఇంకా ఎందరో. ఆట చివర పేర్లు పది నిమిషాలు పాకుతుంటే మావాడు దాటవేసే బటన్ నొక్కుతాడు. చావణ పేరు దాటవేయడానికి బటన్ లేదు, రాతి మీద ఉంది. నిలబడటం అంటే నాకు తెలిసింది అది.

2023లో బేలూరు, హళేబీడు, సోమనాథపురం ఆలయాలకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు మన రామప్పకూ వచ్చింది. ఆ నక్షత్రపు అరుగు, ఆ స్తంభాల నునుపు చూస్తే ఇవి చుట్టాలని చిన్నపిల్లలకూ తెలుస్తుంది. అందుకే హొయసల గుడి తెర మీద కూలినా నాకు మన గుడి కూలినట్టే ఉంటుంది.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మా ఊరి చివర చెరువు కట్ట కింద ఒక శివాలయం ఉంది. ఎవరు కట్టారో శాసనం లేదు. మా అమ్మమ్మ కార్తీకమాసమంతా అక్కడ దీపం పెట్టేది. పదేళ్ళ కిందట ఒక అమావాస్య రాత్రి ఎవరో వచ్చి నందిని పక్కకు దొర్లించి, కింద నిలువెత్తు గొయ్యి తవ్వారు. నంది కింద నిధి ఉంటుంది, కడుపులో వజ్రాలుంటాయి అని ఎవడో మంత్రగాడు చెప్పాడట. తెల్లారి చూస్తే నిమ్మకాయలు, పసుపు, కోడి ఈకలు, మెడ విరిగిన నంది. ఊరివాళ్ళు సిమెంటుతో అతికించి పైన నల్ల పెయింటు వేశారు. ఇది మా ఒక్క ఊరి కథ కాదు. మీరు ఏ జిల్లావాళ్ళయినా, పేపర్లో లోపలి పేజీ తిప్పి 'గుప్తనిధుల తవ్వకాలు' అన్న శీర్షిక చదవని ఏడాది ఒక్కటి చెప్పండి. గునపం పట్టినవాడు కూడా తనను తాను హీరో అనుకునే ఉంటాడు. పగలగొట్టు, తీసుకో, పారిపో. వాడికి వెనకాల వయొలిన్లు మోగలేదు, అంతే తేడా. ఆటలో గుడి కూలితే ముందు చెక్‌పాయింట్ నుంచి మళ్ళీ మొదలవుతుంది, రాళ్ళన్నీ లేచి వాటి చోట్లో కూర్చుంటాయి. మా నంది మెడ ఏ చెక్‌పాయింట్ నుంచి వెనక్కి తెస్తారు? "అది గేమ్ కదా మామయ్యా" అంటాడు. గేమేరా. అందులో పగిలేది ఆట చేసినవాళ్ళ దేవుడూ కాదు, వాళ్ళ అమ్మమ్మ దీపం పెట్టిన చోటూ కాదు. అందుకే అంత అందంగా పగలగొట్టగలిగారు.

చివరి ఘట్టం చెప్పి ముగిస్తాను. దంతం దొరికాక దాన్ని అమ్ముకోకుండా సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు ఇచ్చేద్దామని మన కథానాయికలు తీర్మానిస్తారు, తర్వాత అందరూ పిజ్జా తింటారు. దొంగలకు బుద్ధి రావడం నాకు ఇష్టమే. కానీ మన ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన బౌద్ధ శిల్పం ఒకటి ఉంది, బుద్ధుణ్ణి కొలిచే భక్తుల శిల్పం. క్లోయీ పెరిగిన ఆ ఆస్ట్రేలియాలోనే, అక్కడి జాతీయ గ్యాలరీ దాన్ని 2005లో ఒక న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొని అద్దాల వెనక పెట్టింది. దొంగసొత్తని ఒప్పుకుని వెనక్కి ఇచ్చేసరికి 2016. అసలు ఆట పదకొండేళ్ళు సాగింది, పిజ్జా ఎవరూ పెట్టలేదు.

ఇదంతా మావాడికి ఏకబిగిన చెప్పాను. హళేబీడు చెప్పాను, చావణ పేరు చెప్పాను, మా నంది మెడ దగ్గర గొంతు పూడుకుపోతే నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాను. వాడు ఆటను పాజ్‌లో పెట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని, జీవితంలో మొదటిసారి నా మాట ఆసాంతం విన్నాడు. విని, దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంతకీ ఆ నంది కింద ఏమన్నా దొరికిందా మామయ్యా?"